మేడారం, రామప్ప, బొగత: ఒకే అడవిలో నాలుగు క్యాలెండర్లు

ములుగు జిల్లా గురించిన పర్యాటక సమాచారం ఎక్కడ చూసినా మేడారం గద్దెలు, రామప్ప ఆలయం, లక్నవరం చెరువు, బొగత జలపాతం ఒకే జాబితాలో వరుసగా కనిపిస్తాయి. హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు, పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం మీదుగా సాగే 163వ నంబరు జాతీయ రహదారికి ఇవన్నీ అటూ ఇటూ ఉండడం వల్ల, ఒక శనివారం బయలుదేరి ఆదివారం రాత్రికి అన్నీ చూసి రావచ్చన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. దూరాల లెక్కలో అది నిజమే. చిక్కు కాలంతో వస్తుంది. మేడారం రెండేళ్లకోసారి మాఘమాసంలో నాలుగు రోజులు మాత్రమే మేడారంగా ఉంటుంది. బొగత వానాకాలం ముగిసిన కొన్నాళ్లకే సన్నని ధారగా మిగులుతుంది. కాళేశ్వరం దగ్గర పుష్కరాలు బృహస్పతి రాశి మారడాన్ని బట్టి వస్తాయి. ఏడాది పొడవునా ఒకేలా నిలబడి ఉండేది రామప్ప ఒక్కటే. ఈ నాలుగింటినీ నాలుగు వేర్వేరు క్యాలెండర్లు నడిపిస్తున్నాయన్న సంగతి తెలియక వెళ్లినవారు, ఖాళీ గద్దెలనో ఎండిన బండరాళ్లనో చూసి నిరాశపడడం తరచూ జరుగుతుంది.

ముందుగా మేడారం సంగతి చూడాలి, ఎందుకంటే ఎక్కువ అయోమయం అక్కడే ఉంది. కోయల తల్లీకూతుళ్ల దేవతలైన సమ్మక్క సారలమ్మల జాతర రెండేళ్లకోసారి, మాఘశుద్ధ పౌర్ణమి పరిసరాల్లో, బుధవారం మొదలై శనివారం ముగుస్తుంది. వారాలు మారవు, తేదీలు మారతాయి. 2018లో జనవరి 31న, 2020లో ఫిబ్రవరి 5న, 2022లో ఫిబ్రవరి 16న, 2024లో ఫిబ్రవరి 21న జాతర మొదలైంది. 2026కు మాత్రం ఒక్కసారిగా వెనక్కి జరిగి జనవరి 28కి వచ్చింది. ఈ తేదీలను పౌర్ణమితో పోల్చి చూస్తే అసలు పద్ధతి తెలుస్తుంది. 2018లోనూ 2022లోనూ పౌర్ణమి జాతర మొదటి రోజైన బుధవారం నాడే పడింది. 2024లో చివరి రోజైన శనివారం వచ్చింది. 2020, 2026లలో జాతర ముగిసిన మరునాడు, ఆదివారం వచ్చింది. అంటే పౌర్ణమిని పట్టుకుని, దానికి దగ్గరగా ఉండే బుధ, గురు, శుక్ర, శని వారాలను ఎంచుకుంటున్నారన్నమాట. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులే కాబట్టి పండుగలు ఏటా పదకొండు రోజుల చొప్పున వెనక్కి జరుగుతాయి, అధికమాసం వచ్చినప్పుడు మళ్లీ ముందుకు వస్తాయి. 2024 మాఘానికీ 2026 మాఘానికీ మధ్య అధికమాసం రాలేదు, అందుకే జాతర జనవరిలోకి జారింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉన్నందున 2028 మాఘ పౌర్ణమి ఫిబ్రవరి 10 ప్రాంతంలో పడుతుంది, జాతర కూడా ఆ వారానికే రావాలి. అయితే ఇది పంచాంగపు లెక్క మాత్రమే. తేదీని ఖాయం చేసి ప్రకటించే అధికారం వడ్డెలు అని పిలిచే కోయ పూజారులదే. వారు కొన్ని నెలల ముందుగానే ప్రకటిస్తారు కాబట్టి ఆ ప్రకటన వచ్చాకే సెలవు పెట్టుకోవడం మంచిది.

ఈ నాలుగు రోజుల్లో ఏ రోజుకు ఆ రోజు విడిగా అర్థం ఉంది. బుధవారం నాడు మేడారానికి మూడు కిలోమీటర్ల దూరంలోని కన్నెపల్లి నుంచి సారలమ్మను తీసుకువస్తారు. అదే రోజుకు మహబూబాబాద్ జిల్లాలోని పూనుగొండ్ల నుంచి సమ్మక్క భర్త పగిడిద్దరాజు, ఏటూరునాగారం మండలం కొండాయి నుంచి సారలమ్మ భర్త గోవిందరాజు అడవి దారుల్లో నడిచి గద్దెలకు చేరుకుంటారు. గురువారం సాయంత్రం చిలకలగుట్ట మీది నుంచి సమ్మక్క దిగి వస్తుంది. శుక్రవారం తల్లులిద్దరూ గద్దెల మీద కొలువుదీరి ఉంటారు, మొక్కులన్నీ ఆ రోజే ఉప్పెనలా సాగుతాయి. శనివారం తల్లులు తిరిగి అడవికి చేరే వనప్రవేశంతో జాతర ముగుస్తుంది. శుక్రవారం దర్శనానికి ప్రశస్తమని భక్తులు భావిస్తారు, కనుక రద్దీ అప్పుడే ఎక్కువ. అయితే జాతర అంటే ఏమిటో తెలుసుకోవాలనుకునే వారు గురువారాన్ని వదులుకోకూడదని నా అభిప్రాయం.

ఆ గురువారం సాయంత్రాన్ని కొంచెం దగ్గరగా చూద్దాం. సమ్మక్కకు విగ్రహం లేదు. గుట్ట మీద రహస్య పూజ చేసి, ప్రధాన వడ్డె ఎర్రటి వస్త్రంలో కుంకుమ భరిణెను పట్టుకుని కిందికి దిగుతాడు. ఆయన గుట్ట దిగగానే జిల్లా పోలీసు అధికారి గాలిలోకి తుపాకీ పేల్చి ప్రభుత్వ లాంఛనంగా వందనం చేస్తారు. గుట్ట నుంచి గద్దె దాకా దారి పొడవునా ఆడవాళ్లు ముందే ముగ్గులు వేసి ఉంచుతారు. తల్లికి ఎదురుగా కోళ్లను గాలిలోకి ఎగరేస్తారు, వాటినే ఎదురుకోళ్లు అంటారు. డోళ్లు, కొమ్ముబూరల మోత మధ్య దేవత పూనిన శివసత్తులు ఊగిపోతుంటారు. రక్షణ వలయం నడుమ వడ్డె దాదాపు పరుగులాంటి నడకతో వెళ్లిపోతాడు గనుక, చూడడానికి దొరికేది కొన్ని క్షణాలే. ముందు రోజు కన్నెపల్లిలో కనిపించే దృశ్యం ఇంకో తీరుది. పిల్లల కోసమో, తీరని జబ్బు నయం కావాలనో మొక్కుకున్నవారు తడిబట్టలతో నేల మీద వరుసగా బోర్లా పడుకుంటారు, సారలమ్మను తెస్తున్న వడ్డెలు వారిని దాటుకుంటూ నడుస్తారు. దీన్ని వరం పట్టడం అంటారు. ఇవి ప్రదర్శన కోసం జరిగే పనులు కావు కాబట్టి, కెమెరా పట్టుకుని వారి మధ్యకు చొరబడకుండా ఉండడం కనీస మర్యాద.

మేడారంలో బంగారం అంటే బెల్లం. తమ ఎత్తు బరువు తూగే బెల్లాన్ని తల్లులకు సమర్పించడాన్ని నిలువెత్తు బంగారం అంటారు. భక్తులు జంపన్న వాగులో స్నానం చేసి, తలనీలాలు ఇచ్చి, చీర, సారె, కొబ్బరికాయ, ఒడిబియ్యం, బెల్లంతో గద్దెల దగ్గరికి వెళ్తారు. ఆ తర్వాత అడవిలో చెట్ల కింద వేసుకున్న గుడారాల దగ్గర కోడినో మేకనో కోసుకుని వండుకుంటారు. ఎడ్లబండ్ల మీద వారం ముందు నుంచే బయలుదేరే రోజులు చాలా వరకు పోయాయి గానీ, ట్రాక్టర్లలో వంటసామగ్రితో సహా కుటుంబాలకు కుటుంబాలే వచ్చి నాలుగు రోజులూ ఉండిపోయే అలవాటు ఇంకా బలంగానే ఉంది. దారిలో ములుగుకు సమీపాన ఉన్న గట్టమ్మ తల్లి గుడి దగ్గర బండి ఆపి తొలి మొక్కు చెల్లించకుండా ఎవరూ ముందుకు కదలరు. గట్టమ్మ దగ్గర ఆగే వాహనాల వరుసను చూస్తే ఆ ఏడాది జాతరకు జనం ఏ స్థాయిలో వస్తున్నారో అంచనా వేయవచ్చు.

1996లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. ఇటీవలి జాతరల్లో భక్తుల సంఖ్య కోటి దాటిందని అధికారుల అంచనా. కొన్ని వందల గడపల ఊరికి నాలుగు రోజుల్లో అంతమంది రావడం అంటే, ఒక మహానగరాన్ని తాత్కాలికంగా అడవిలో నిలబెట్టడమే: వేల సంఖ్యలో ప్రత్యేక బస్సులు, వాగు పొడవునా స్నానఘట్టాలు, పార్కింగ్ కోసం చదును చేసిన పొలాలు, వెళ్లే దారి ఒకటి, తిరిగి వచ్చే దారి మరొకటి. సొంత కారులో వెళ్లేవారిని సాధారణంగా పస్రా, నార్లాపూర్ మీదుగా మళ్లిస్తారు. తాడ్వాయి మీదుగా ఉన్న దగ్గరి దారిని ఆర్టీసీ బస్సులకు వదులుతారు. అందుకే జాతర రోజుల్లో ఆర్టీసీ బస్సు ఎక్కినవారే గద్దెలకు దగ్గరగా దిగుతారు. 2025లో గద్దెల ప్రాంగణాన్ని రాతి కట్టడాలతో విస్తరించే పనులు చేపట్టారు కాబట్టి, పదేళ్ల కిందటి జ్ఞాపకంతో వెళ్లేవారికి చోటు గుర్తుపట్టడం కష్టం కావచ్చు. ఈ విస్తరణ గురించి నాకు కొంత శంక ఉంది. వెదురు, కుంకుమ, ఎత్తైన మట్టి గద్దె తప్ప మరేదీ అక్కరలేని ఆరాధనకు రాతి ద్వారాలు ఎంత అవసరమో చర్చించవలసిందే. కానీ తొక్కిసలాట ముప్పును దృష్టిలో పెట్టుకుంటే విశాలమైన ప్రాంగణం అవసరమన్న వాదనను కొట్టిపారేయలేం.

జాతర లేని ఏడాది వెళ్లేవారి పరిస్థితి ఏమిటి? ఆ మధ్య సంవత్సరపు మాఘమాసంలో మండమెలిగె జరుగుతుంది, దీన్నే జనం చిన్న జాతర అంటున్నారు. పెద్ద జాతరకు ముందు కూడా, రెండు వారాల ముందు గుడిమెలిగె, వారం ముందు మండమెలిగె పండుగలు జరుగుతాయి. పూజారుల కుటుంబాలు గుళ్లను అలికి, శుద్ధి చేసి, పచ్చి మండలతో, అంటే కొమ్మలతో, ఊరి పొలిమేర దగ్గర తోరణాలు కట్టి దుష్టశక్తులు రాకుండా రక్షణ కల్పించే ఈ ఘట్టాలను పద్ధతిగా, తీరికగా చూడవచ్చు. జనసమ్మర్దానికి భయపడేవారికీ, వృద్ధులతో ప్రయాణించేవారికీ నేను సూచించేది ఈ రోజులనే. మిగతా రోజుల్లోనూ మేడారం మూతపడదు, ముఖ్యంగా బుధ, గురు, శుక్ర, ఆదివారాల్లో భక్తులు వచ్చి మొక్కులు చెల్లించుకుంటూనే ఉంటారు. అయితే అప్పుడు కనిపించేది ఒక ప్రశాంతమైన పూజాస్థలం మాత్రమే, జాతర కాదు.

ఇక ఈ జాతర వెనుక ఉన్న కథకూ, పక్కనే ఉన్న రామప్ప ఆలయానికీ మధ్య ఒక ముడి ఉంది. వేటకు వెళ్లిన కోయదొరలకు అడవిలో పులుల మధ్య ఆడుకుంటున్న పాప దొరికిందనీ, ఆమే సమ్మక్క అనీ, మేడారాన్ని పాలించిన పగిడిద్దరాజును పెళ్లాడిందనీ, కరువు కాలంలో కప్పం కట్టలేకపోవడంతో కాకతీయ ప్రతాపరుద్రుడి సేనలు దండెత్తాయనీ కథ చెబుతుంది. ఆ పోరులో పగిడిద్దరాజు, గోవిందరాజు, సారలమ్మ నేలకొరగగా, అవమానం భరించలేక సమ్మక్క కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకాడు, ఆ వాగే జంపన్న వాగు అయింది. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి మాయమైంది, వెతికినవారికి నాగవృక్షం కింద పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికింది. దీన్ని చరిత్రగా చదవాలా, పురాణంగా చదవాలా అన్న దగ్గర పెద్ద చిక్కు వస్తుంది. ప్రతాపరుద్రుడు 1289 నుంచి 1323 వరకు పాలించాడు. కథలోని కొన్ని పాఠాల్లో సమ్మక్కను పెంచినవాడు పొలవాస మేడరాజు. పొలవాస ప్రభువు మేడరాజు చరిత్రలో ఉన్నవాడే, కానీ ఆయనను ఓడించినది కాకతి రుద్రదేవుడు. ఆ విజయాల ప్రస్తావన 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో ఉంది. అంటే ప్రతాపరుద్రుడికి నూరేళ్లకు పైగా ముందటి పేరు, ఆయన కాలపు యుద్ధకథలోకి వచ్చి చేరింది. మౌఖిక సంప్రదాయం రాజుల వరుసను కాకుండా, బలవంతుడైన రాజ్యం ముందు తలవంచని ఒక జాతి అనుభవాన్ని దాచుకుంటుంది గనుక, శతాబ్దాలు ఇలా ఒకదానిలో ఒకటి కలిసిపోవడంలో వింత లేదు.

ఈ కథ ఎక్కువగా బతికింది డోలి కోయల గొంతులో. బొమ్మలు వేసిన పడిగె అనే త్రికోణపు గుడ్డను విప్పి, డోలు వాయిస్తూ వారు వంశాల కథలు పాడతారు. ఏ గోత్రానికి ఏ వేల్పు, ఆ వేల్పు ఎక్కడి నుంచి వచ్చింది అన్నది ఆ బొమ్మల్లోనే ఉంటుంది. కంచుమేళం, కంచుతాళంతో సమ్మక్క సారలమ్మల కథ గానం చేసిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ పురస్కారం వచ్చింది. చిత్రమేమిటంటే, ఇక్కడికి సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో, పాలంపేటలో, కథలో శత్రువులుగా కనిపించే కాకతీయుల కాలపు ఉత్తమ కట్టడం నిలబడి ఉంది. ఒకే ప్రాంతపు గతాన్ని ఒకచోట శాసనం చెబుతోంది, మరోచోట పాట చెబుతోంది. రెండింటినీ ఒకే ప్రయాణంలో చూసేవారు ఈ తేడాను మనసులో పెట్టుకుంటే, గైడ్లు చెప్పే మాటల్లో ఏది దేనికి సంబంధించినదో తేలిగ్గా విడదీసుకోగలరు.

పాలంపేట శాసనం ప్రకారం రేచర్ల రుద్రుడు శక సంవత్సరం 1135లో, అంటే క్రీ.శ. 1213లో, ఇక్కడ రుద్రేశ్వరుడిని ప్రతిష్ఠించాడు. కాకతీయ రాజు గణపతిదేవుడు యాదవుల చెరలో ఉన్న రోజుల్లో రాజ్యాన్ని కాపాడిన సేనాని ఈయన. ఆలయం అసలు పేరు రుద్రేశ్వరాలయం. రామప్ప అన్నది శిల్పి పేరని జనశ్రుతి. 2021 జులై 25న యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, తెలంగాణలో ఆ గుర్తింపు పొందిన మొదటి కట్టడం ఇదే. గుర్తింపు వచ్చాక సందర్శకులు పెరిగారు గానీ, చాలామంది అరగంటలో చుట్టేసి వెళ్లిపోతున్నారు, అది ఈ గుడికి చాలదు.

ఇక్కడ క్యాలెండర్ అక్కరలేదు, గడియారం చాలు. గోడలు ఎర్రని ఇసుకరాయివి, స్తంభాలు, మదనికలు అనే స్త్రీ శిల్పాలు నల్లని గట్టి రాతివి. ఉదయపు ఏటవాలు ఎండలో ఇసుకరాయి రంగు తేరుకుంటుంది, నల్లరాతి మీది నగిషీ నీడలతో సహా కనిపిస్తుంది. నడి మధ్యాహ్నం అయితే రెండూ చదునుగా తోస్తాయి, పైగా చెప్పులు విడిచి నడవాలి కాబట్టి వేసవిలో రాతి పరుపు కాళ్లను కాలుస్తుంది. ఆలయం సుమారు ఆరడుగుల ఎత్తున్న నక్షత్రాకారపు వేదిక మీద ఉంది. లోపలికి వెళ్లే ముందు ఆ వేదిక మీద ఒకసారి పూర్తిగా ప్రదక్షిణం చేసి, గోడ చుట్టూ సాగే ఏనుగుల వరుసను చూడాలి. ఆ తర్వాత తలెత్తితే చూరు కింద పన్నెండు మదనికలు కనిపిస్తాయి. వాటిలో ఒకామె కాలికి ఎత్తుమడమల చెప్పులు ఉన్నాయి. ఎనిమిది వందల ఏళ్ల కిందటి శిల్పంలో అది చూసి నవ్వుకోని వారు ఉండరు. లోపలి మండపంలో స్తంభాల మీద సూది దూరేంత సన్నని సందులతో చెక్కిన లతలు, నాట్యభంగిమలు ఉన్నాయి. గణపతిదేవుని గజసైన్యాధ్యక్షుడు జాయప సేనాని రచించిన నృత్తరత్నావళినీ, ఈ శిల్పాల్లోని భంగిమలనూ ఆధారంగా చేసుకునే నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి శివతాండవానికి మళ్లీ ప్రాణం పోశారు. కనుక నాట్యం తెలిసినవారు వెంట ఉంటే ఈ స్తంభాలు మరో తీరులో కనిపిస్తాయి.

రామప్ప గురించి రెండు ఇంజనీరింగ్ విశేషాలు ప్రతి గైడూ చెబుతాడు, రెండింటికీ ఆధారం ఉంది. శిఖరాన్ని నీటిలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టారు, అందువల్ల కింది రాతి కట్టడం మీద బరువు తగ్గింది. పునాది గోతిలో ఇసుక నింపి దాని మీద కట్టడం నిలిపారు, దాన్నే ఇసుకపెట్టె పునాది అంటున్నారు. నేల కదిలినప్పుడు ఆ ఇసుక అదురును కొంత మింగేస్తుందని నిపుణుల వివరణ. 2024 డిసెంబర్ 4న ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు సహజంగానే అందరి చూపూ రామప్ప మీదికి మళ్లింది, ఆలయం చెక్కుచెదరలేదు. అయితే లోపల గచ్చు కొన్నిచోట్ల కుంగి అలలాగా ఉండడం, పక్కనున్న కామేశ్వరాలయం విప్పి మళ్లీ కట్టవలసి రావడం చూస్తే, ఈ పునాదికీ ఒక హద్దు ఉందని అర్థమవుతుంది. పాత పని గొప్పదని చెప్పడానికి అద్భుతాలు కల్పించనక్కరలేదు.

రామప్ప నిత్యపూజలు జరిగే గుడి కూడా. మహాశివరాత్రి మాఘ బహుళ చతుర్దశి నాడు వస్తుంది, అంటే మాఘ పౌర్ణమికి సుమారు రెండు వారాల తర్వాత. మేడారం జాతర జరిగే ఏడాది ఈ రెండు పండుగలూ ఒకే మాఘమాసంలో, పక్షం తేడాతో పడతాయి. 2026లో జాతర జనవరి 31న ముగిస్తే శివరాత్రి ఫిబ్రవరి 15న వచ్చింది. జాతరకూ రామప్పకూ కలిపి ఒకే ప్రయాణం పెట్టుకునేవారికి నా సలహా ఏమిటంటే, జాతర నాలుగు రోజుల్లో రామప్ప జోలికి పోవద్దు. మేడారం వెళ్లే, వచ్చే జనం దారిలో అక్కడా ఆగుతారు కాబట్టి శిల్పం దగ్గర నిలబడే చోటు కూడా ఉండదు. జాతరకూ శివరాత్రికీ నడుమ వచ్చే మామూలు రోజుల్లో చలి తగ్గి, ఎండ ముదరకుండా ఉంటుంది, గుడి చూడడానికి అంతకు మించిన సమయం ఉండదు. అప్పుడే గణపురం కోటగుళ్లను కూడా కలుపుకోవచ్చు. పక్కనే ఉన్న భూపాలపల్లి జిల్లా గణపురంలో, మట్టికోట గోడ నడుమ, గణపేశ్వరాలయం చుట్టూ ఇరవైకి పైగా చిన్నాపెద్దా గుళ్ల సముదాయం ఇది. రామప్ప దగ్గర ఉండే హంగు, తాళ్లు ఇక్కడ లేవు. శిథిలాల మధ్య తీరికగా తిరగవచ్చు.

రామప్పలో ఎక్కువమంది పట్టించుకోనిది గుడి వెనుక ఉన్న చెరువు. కాకతీయులు గుడి, ఊరు, చెరువు మూడింటినీ కలిపే తలపెట్టేవారు. రెండు గుట్టల మధ్య కట్ట వేసి, తూములు పెట్టి, మత్తడి ద్వారా మిగులు నీటిని దిగువకు వదిలే పద్ధతిలో కట్టిన రామప్ప చెరువు నేటికీ ఆయకట్టుకు నీరిస్తోంది. గోవిందరావుపేట మండలంలోని లక్నవరం కూడా ఆ కాలపు చెరువే. వేలాడే వంతెన, దీవుల్లోని కాటేజీల వల్ల అది విహారస్థలంగా పేరు పొందింది గానీ, కొండల నడుమ ఉన్న ఇరుకు సందులను వెతికి కట్టలు కట్టిన తీరును గమనిస్తే, వంతెన కంటే కట్టే గొప్పదనిపిస్తుంది. చెరువు మత్తడి దూకడం చూడాలంటే వానాకాలం చివర వెళ్లాలి. అప్పటికే బతుకమ్మ రోజులు దగ్గర పడతాయి. మహాలయ అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు తంగేడు, గునుగు పూల బతుకమ్మలను ఊరూరా చెరువు కట్ట మీదికే తెచ్చి నీళ్లలో వదులుతారు. ఈ ప్రాంతపు చెరువులను చూడడానికి అంతకంటే మంచి సాయంత్రాలు లేవు, దానికి టికెట్ అక్కరలేదు, ముందస్తు బుకింగ్ కూడా అక్కరలేదు.

వానాకాలం నడిపించేది మరో క్యాలెండర్‌ను. ఏటూరునాగారం దాటి, ముల్లకట్ట దగ్గర గోదావరి వంతెన మీదుగా అవతలికి వెళ్తే వాజేడు మండలంలో బొగత జలపాతం ఉంది. జులై నుంచి అక్టోబర్ దాకా చీకుపల్లి వాగు నిండుగా పారుతున్నప్పుడే దానికి ఆ అందం. జాతరకు వచ్చినవారు ఎలాగూ ఇంత దూరం వచ్చాం కదా అని ఫిబ్రవరిలో బొగతకు వెళ్లి ఉస్సూరనడం ఏటా జరిగేదే. అలాగని కుంభవృష్టి రోజుల్లో వెళ్లడమూ తెలివైన పని కాదు. 2023 జులై చివరివారంలో వెంకటాపురం మండలం వీరభద్రవరం అడవిలోని ముత్యంధార జలపాతానికి వెళ్లిన పదుల మంది పర్యాటకులు, వాగులు పొంగడంతో రాత్రంతా అడవిలో చిక్కుకుపోయారు, విపత్తు సహాయ దళం వారిని బయటికి తెచ్చింది. ఆ వానలకే జంపన్న వాగు పొంగి కొండాయి గ్రామాన్ని ముంచెత్తింది, ప్రాణాలు పోయాయి. జాతరలో గోవిందరాజు బయలుదేరి వచ్చే ఊరు అదే. మాఘంలో మోకాలి లోతున స్నానాలు చేసే వాగు శ్రావణంలో ఏం చేయగలదో దాన్ని బట్టి తెలుస్తుంది. కనుక వాన కురుస్తున్న రోజున కాకుండా, వాన తెరిపి ఇచ్చిన రెండు మూడు రోజుల తర్వాత, అటవీ శాఖ అనుమతి ఉందో లేదో కనుక్కుని వెళ్లాలి.

తాడ్వాయి అడవిలోనే, దామెరవాయి దగ్గర గుట్టల మీద, వీటన్నిటి కంటే పాతవైన ఆనవాళ్లు ఉన్నాయి. పెద్ద రాతిపలకలను గదుల్లా నిలబెట్టి, పైన మరో పలక కప్పిన బృహత్ శిలాయుగపు సమాధులు ఇవి, వందకు పైగా ఉంటాయి. ఊళ్లవాళ్లు రాకాసి గుళ్లు అంటారు. ఇంత బరువు మనుషులు ఎత్తలేరన్న ఊహే ఆ పేరుకు కారణం కావచ్చు. సూచిక బోర్డులు అంతంత మాత్రమే, తెలిసిన స్థానికులు వెంట లేకుండా వెళ్లే చోటు కాదు. గడ్డి ఎండిపోయి, పాముల భయం తగ్గే చలికాలమే తగిన సమయం.

నాలుగో క్యాలెండర్ గ్రహచారానిది. భూపాలపల్లి నుంచి మహదేవపూర్ మీదుగా వెళ్తే కాళేశ్వరం వస్తుంది. ఒకే పానవట్టం, అంటే లింగపీఠం, మీద యముడి లింగం, శివలింగం రెండూ ఉండడం ఆ గుడి ప్రత్యేకత. గోదావరి, ప్రాణహిత నదులు కలిసే ఈ చోట సరస్వతి అంతర్వాహినిగా ఉందన్న నమ్మకం వల్ల, మూడు నదుల పుష్కరాలూ ఇక్కడికి వస్తాయి. బృహస్పతి మీనరాశిలో ప్రవేశించినప్పుడు ప్రాణహితకు, మిథునంలో ప్రవేశించినప్పుడు సరస్వతికి, సింహంలో ప్రవేశించినప్పుడు గోదావరికి పుష్కరం. బృహస్పతి ఒక్కో రాశిలో సుమారు ఏడాది ఉంటాడు కాబట్టి 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు, 2025 మే నెలలో సరస్వతి పుష్కరాలు జరిగాయి, 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. పన్నెండేళ్లకోసారి అని అందరూ అనుకునే పుష్కరం, కాళేశ్వరం విషయంలో అయిదేళ్ల వ్యవధిలోనే మూడుసార్లు వచ్చి, ఆ తర్వాత చాలా ఏళ్లు రాకుండా పోవడానికి కారణం ఇదే. పుష్కర స్నానం మీద ఆసక్తి లేనివారు ఆ పన్నెండు రోజులూ తప్పించి వెళ్తే, సంగమ స్థలాన్ని ఇసుకతిన్నెల మీది నుంచి నిమ్మళంగా చూడగలరు.

ఇప్పుడు ప్రయాణపు లెక్క వేసుకుందాం. జాతర కోసమే వెళ్లేవారు బుధవారం మధ్యాహ్నానికి మేడారం చేరి, గురువారం రాత్రి సమ్మక్క గద్దెకు వచ్చాక శుక్రవారం తెల్లవారుజామునే తిరుగు బస్సు అందుకుంటే, పెద్ద రద్దీని తప్పించుకుంటూనే ముఖ్యమైన రెండు ఘట్టాలనూ చూసినట్టవుతుంది. బస కోసం వరంగల్‌నో హనుమకొండనో నమ్ముకుంటే రోజంతా దారిలోనే గడిచిపోతుంది. గుడారం వేసుకున్న బంధువులో ఊరివాళ్లో తెలిసినవారు ఉంటే వారితో కలిసి వెళ్లడమే ఉత్తమం. శిల్పం కోసం వెళ్లేవారు రాత్రికి రామప్ప దగ్గరో ములుగులోనో ఉండి, ఉదయం గుడి తెరిచే వేళకు అక్కడ ఉండాలి. జాతీయ రహదారి మీద జంగాలపల్లి క్రాస్ దగ్గర పాలంపేట వైపు మలుపు ఉంది. అక్కడి నుంచి బస్సులు తక్కువ, ఆటోలు దొరుకుతాయి. నీళ్ల కోసం వెళ్లేవారు సెప్టెంబర్‌ను ఎంచుకుని లక్నవరం, రామప్ప చెరువు, బొగతలను ఒక వరుసలో పెట్టుకోవచ్చు, అప్పుడు మేడారం గద్దెలు కూడా దారిలోనే ఖాళీగా ఉంటాయి.

ఒక జాగ్రత్త మాత్రం అన్ని కాలాలకూ వర్తిస్తుంది. తాడ్వాయి, ఏటూరునాగారం అడవి వన్యప్రాణుల అభయారణ్యం పరిధిలోనిది. 2024 ఆగస్టు 31న వచ్చిన పెనుగాలికి తాడ్వాయి, మేడారం మధ్య వేలాది చెట్లు నేలకొరిగాయి, ఆ గాయం ఇంకా మానలేదు. జాతర ముగిశాక వారాల తరబడి ఎత్తిపోయవలసి వచ్చే ప్లాస్టిక్ సీసాలు, సంచులు ఆ అడవి మీద పడే మరో భారం. బెల్లాన్ని గుడ్డ మూటలోనో వెదురు బుట్టలోనో తీసుకువెళ్లడం పాత పద్ధతే కాబట్టి, దానికి ప్రభుత్వ ఆదేశం కోసం ఎదురుచూడనక్కరలేదు; తాగునీటికి స్టీలు బిందె ట్రాక్టర్‌లో ఎలాగూ ఉంటుంది.